తునికాకు బాటలో ఫ్రీజర్ బండి

రాత్రి తొమ్మిదింటికి ఫ్రీజర్ బండి తాళంచెవి చేతిలో పడగానే చాందికి ఆకలి పోయింది. ఇంటి నుంచి తెచ్చుకున్న రొట్టెల డబ్బా మూత కూడా తీయలేదు. డ్రైవరుగా చేరి ఆర్నెల్లైనా ఆమె ఖమ్మం దాటలేదు. బస్టాండు చుట్టుపక్కల హోటళ్లకు పెరుగు, పనీరు దించి తెల్లారేసరికి గోదాముకు వచ్చేసేది. భద్రాచలం లైను ఇమ్మని అడిగినప్పుడల్లా అడవి దారి అనో, ఒక్కదానివే ఎలా పోతావనో ఏదో ఒకటి చెప్పి పంపేవారు. ఆ రోజు ఆ లైను డ్రైవరుకు జ్వరం తగిలింది. బండ్లు పంపే పని చూసే రాజ్యశ్రీ చార్టులో అతని పేరు కొట్టేసి, తలెత్తకుండానే చాంది పేరు రాసింది.

చాంది పుట్టింది జూలూరుపాడు దగ్గర ఒక తండాలో. తండ్రి బద్యా కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన ఒక రైతు దగ్గర ట్రాక్టరు నడిపేవాడు. పన్నెండేళ్లకు మడ్‌గార్డు మీద కూర్చుని చూసిన పిల్ల పదిహేనేళ్లకు తానే పొలం దమ్ము చేసింది. పెళ్లయ్యాక ట్రాలీ ఆటో కొనుక్కుంది. నాలుగు వేసవులు అడవి పల్లెల్లోని కల్లాల నుంచి బీడీలు చుట్టే తునికాకు మూటలు తోలింది. పెద్ద బండి లైసెన్సు పరీక్షనాడు ఆమెను మాత్రమే రెండుసార్లు రివర్స్ చేయించారు. రెండుసార్లూ గీత తొక్కకుండా చేసి చూపించింది. బడిలో అటెండరుగా చేసే భర్త కోటేష్ ఆ రోజు మైదానం బయట నిలబడి, ఆమెకంటే ఎక్కువగా చెమటలు కక్కాడు.

బండి పెట్టెలో రెండు అరలు. ముందు అర మైనస్ పద్దెనిమిది డిగ్రీలు, అందులో ఐస్‌క్రీములు, చికెన్. వెనక అర నాలుగు డిగ్రీలు, అందులో పెరుగు బకెట్లు, వెన్న, పనీరు. రెండింటి లెక్కా క్యాబిన్లో చిన్న తెర మీద కనిపిస్తూ ఉంటుంది. సరుకు దించేచోట తప్ప తలుపు తీయకూడదు, దారి మార్చకూడదు, ఎవరినీ ఎక్కించుకోకూడదు అని రాజ్యశ్రీ గేటు దగ్గర మళ్లీ చెప్పింది. చాంది మూడింటికీ తల ఊపింది. ఆ క్షణంలో ఏం చెప్పినా ఊపేదే.

కొత్తగూడెంలో, పాల్వంచలో సరుకు దించేసరికి ఒంటిగంట దాటింది. సాయంత్రం ఆ వైపు గాలివాన కొట్టి వెళ్లింది. అడవిలో తడి మట్టి వాసన, రోడ్డంతా ఆకులు. లైట్ల వెలుగులో చెట్లు రెండు వైపులా జరిగి దారి ఇస్తున్నట్టు అనిపిస్తుంటే చాంది తనలో తానే నవ్వుకుంటూ నడిపింది. ఒక మలుపు తిరిగాక ముందర ఎర్ర లైట్లు వరుసగా కనిపించాయి. పెద్ద నల్లమద్ది చెట్టు రోడ్డుకు అడ్డంగా పడి ఉంది. రంపం మిషను తెల్లారాక గానీ రాదని లారీ డ్రైవర్లు దుప్పట్లు పరుచుకుంటున్నారు.

ఐదింటికల్లా పెరుగు చేరకపోతే భద్రాచలం హోటళ్లలో టిఫిన్లు ఆగుతాయి. ఫోనులో సిగ్నల్ లేదు. ఏం చేయాలో తోచక దిగి అటూ ఇటూ తిరుగుతుంటే, ఒక ఆటో పక్కన నీలం పెట్టెను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న నడివయసు ఆమె పిలిచింది. పేరు హైమ. లోపలి పల్లె ఆసుపత్రిలో నర్సు. సత్తుపల్లి వైపు మనిషి.

"ఏమ్మా, నీ బండిలో ఎంత చల్లగా ఉంటది?" అని అడిగింది.

చాంది చెప్పింది. హైమ లేచి నిలబడింది. ముందురోజు మధ్యాహ్నం నుంచి తమ దగ్గర కరెంటు లేదని, జనరేటరూ పని చేయలేదని, పసిపిల్లలకు వేయాల్సిన టీకాలన్నీ ఐసు పెట్టెలో పెట్టుకుని భద్రాచలం దవాఖానాకు బయలుదేరితే చెట్టు అడ్డం పడిందని చెప్పింది. ఐసు దాదాపు కరిగిపోయింది. పెట్టెలోని థర్మామీటరు ఏడు చూపిస్తోంది. ఎనిమిది దాటి ఎక్కువసేపు ఉంటే ఆ మందును ఇక నమ్మడానికి లేదు.

"ఎల్లుండి శనివారం పదకొండు ఊళ్ల పిల్లలొస్తారు. వాళ్లకేం చెప్పను?"

చాంది వెళ్లి వెనక తలుపు తీసింది. పెట్టెను చల్లగాలి నేరుగా తగిలే చోట పెట్టబోతే హైమ చెయ్యి పట్టుకుని ఆపింది. గడ్డకట్టినా కొన్ని టీకాలు పనికిరావట. పెరుగు బకెట్ల నడుమ, తలుపు వైపు పెట్టి తలుపు బిగించారు. పావుగంటకు చూస్తే ఐదు. హైమ కళ్లు తుడుచుకుంది.

అప్పుడు చాందికి తునికాకు బాట గుర్తొచ్చింది. వెనక్కి రెండు కిలోమీటర్లు పోతే కుడి పక్క మట్టిదారి ఉంది. మూడు గూడేలు దాటి, ఒక వాగు దిగి, బూర్గంపాడు వైపు తారురోడ్డెక్కుతుంది. ట్రాలీలో ఆ దారిన ఎన్నిసార్లు పోయిందో లెక్క లేదు. ఈ బండితో ఎప్పుడూ పోలేదు. ఎక్కుతావా అక్కా అని అడిగింది. హైమ అప్పటికే తలుపు పట్టుకుని ఉంది.

మట్టిదారిలో కొమ్మలు బండి పైకప్పును గీకాయి. చాంది గుంతల్ని చేతి గీతల్లా గుర్తుపట్టి, ఇక్కడ ఎడమకు, ఇక్కడ మెల్లగా అని పైకే చెప్పుకుంటూ నడిపింది. వాగు ఒడ్డున లైట్లు వేసేసరికి నీళ్లు పారుతున్నాయి. మే నెలలో ఎండి ఉండాల్సిన వాగు. హారన్ విని గూడెం నుంచి జంపయ్య వచ్చాడు. తునికాకు కల్లం దగ్గర ఏళ్లుగా మూటలు లెక్కపెట్టిన కోయ పెద్దాయన. ఆమెను చూసి ముందు నవ్వాడు.

"ట్రాలీ పోయి గింత పెద్ద బండొచ్చిందా బిడ్డా?"

"వచ్చింది తాతా. నీళ్లు ఎంత లోతున్నయ్?"

జంపయ్య పంచె ఎగ్గట్టి నీళ్లలోకి దిగాడు. మధ్యలో మోకాలి దాకా వచ్చాయి. ట్రాక్టర్లు ఇసకలో దిగబడకుండా కిందటేడు పరిచిన రాళ్లు ఇంకా ఉన్నాయని, వాటి మీదే రమ్మని, టార్చి పట్టుకుని ముందు నడిచాడు. ఆగితే చక్రం కూరుకుపోతుందని చాందికి తెలుసు. మొదటి గేరులో వేసి, క్లచ్ మీంచి కాలు తీసేసి, ఆ వెలుగునే చూస్తూ పోయింది. నడుమ ఒకసారి బండి ఎడమకు ఒరిగింది. హైమ సీటు అంచు పట్టుకుంది. ఇంజను గొంతు మారింది, మళ్లీ సర్దుకుంది. ముందు చక్రాలు అవతలి గట్టు పట్టాయి. వెనకవి పట్టాయి. చాంది ఒడ్డెక్కి బండి ఆపి, స్టీరింగు మీద రెండు చేతులతో దరువేసినట్టు కొట్టి, చిన్నపిల్లలా కిలకిలా నవ్వింది. హైమకూ నవ్వు ఆగలేదు. పక్కకు జరిగి నీళ్లలోనే నిలబడ్డ జంపయ్య వాళ్లకేమైందోనని టార్చి వేసి చూశాడు.

తారురోడ్డు ఎక్కగానే ఫోను మోగింది. ఆఫీసులో కంప్యూటరు తెర మీద బండి అడవి నడుమ కనిపించేసరికి రాజ్యశ్రీ పదకొండుసార్లు చేసిందట. చాంది ఉన్నదున్నట్టు చెప్పింది. తలుపు తీశానని, దారి మార్చానని, ఒకామెను ఎక్కించుకున్నానని.

"వెనక అర ఎంతుంది?" అని అడిగింది రాజ్యశ్రీ.

"నాలుగు మేడం."

"అయితే జల్దీ పో. తిట్టుడు రేపు తిడతా."

సారపాక దాటి వంతెన ఎక్కేసరికి గోదావరి మీద చీకటి పలచబడుతోంది. ముందు దవాఖానాకు పోయారు. పెట్టె తీసి చూసిన ఫార్మసిస్టు ఐదు అని చదివి, పుస్తకంలో రాసుకుని, మందులు ఫ్రిజ్‌లో సర్దాడు. హోటళ్లకు పెరుగు ఐదూ పదికి చేరింది. చెట్టు దగ్గర ఆగిపోయిన బండ్లు తొమ్మిది దాటాక వచ్చాయి. సరుకు దించుకున్న వంటమనిషికి చాంది వాగు సంగతి చెప్పింది. టీ కొట్టు దగ్గర మళ్లీ చెప్పింది. కోటేష్‌కు ఫోను చేసి చివర ముందు, ముందు చివర చెప్పేసరికి అతను చాలాసేపు బండి ఇంకా వాగులోనే ఉందనుకున్నాడు.

రాజ్యశ్రీ అన్నమాట ప్రకారం తిట్టింది. మూడు నిబంధనలు తప్పినందుకు సంజాయిషీ రాయమంది. చాంది తెలుగులో అరపేజీ రాసిచ్చింది. తప్పు చేశానని రాసింది గానీ ఇక చేయనని రాయలేదు. రాజ్యశ్రీ అది రెండుసార్లు చదివి ఫైల్లో పెట్టి, మర్నాటి చార్టులో భద్రాచలం ఎదురుగా ఆమె పేరే ఉంచింది.

శనివారం మధ్యాహ్నం చాంది నిద్రలో ఉండగా హైమ ఫోను చేసింది. భద్రాచలం నుంచి మందు వెనక్కి తెచ్చుకుని నలభై ముగ్గురు పిల్లలకు టీకాలు వేశామంది. చాంది మంచం మీద లేచి కూర్చుని, పిల్లలు ఏడ్చిండ్రా అక్కా అని అడిగింది.

"అందరూ ఏడ్చారు. ఇంకా ఏడుస్తున్నారు, విను" అని హైమ ఫోనును వాళ్ల వైపు తిప్పింది.