ఉప్పలమ్మది ఏ తరగతి

నాచారం చెరువు వెనక బస్తీలో ఉన్న సర్కారు ప్రాథమిక పాఠశాలకు గదులు రెండు, తరగతులు ఐదు. రూతమ్మ అక్కడ వాలంటీరు టీచరుగా చేరిన ఎనిమిదేళ్లలో పిల్లల్ని ఎన్ని రకాలుగా సర్దాలో అన్ని రకాలుగా సర్ది చూసింది. ఒకటి, రెండు తరగతులు వరండాలో. మూడో తరగతి చిన్న గదిలో. నాలుగు, ఐదు పెద్ద గదిలో, ఒకరికొకరు వీపు పెట్టి, వాళ్లు ఆ గోడ బోర్డు వైపు, వీళ్లు ఈ గోడ బోర్డు వైపు. వాన పడితే వరండా మొత్తం లోపలికి వచ్చి చేరేది. అప్పుడు ఎవరు ఏ తరగతో దేవుడికే తెలియాలి.

ఆమెది జోగిపేట దగ్గర ఊరు. ఇంటర్ పాసై, మందుల ఫ్యాక్టరీలో పనిచేసే మోషేను పెళ్లాడి నాచారం వచ్చింది. పిల్లలు కలగలేదు. బడే ఆమె లోకం. 2011 జూన్‌లో రెండో టీచరు బదిలీ చేయించుకుని వెళ్లిపోయాడు. హెడ్‌మాస్టరు ఉమాపతి సారు మీటింగులకూ సర్వేలకూ పోగా బడిలో కనబడేది తక్కువ. అరవై నాలుగు మంది పిల్లలకు రూతమ్మ ఒక్కతే మిగిలింది.

ఆ నెలలోనే సత్తమ్మ తన కూతుర్ని తీసుకుని వచ్చింది. అంతకుముందు వాళ్లు జవహర్‌నగర్‌లో చెత్త ఏరుకుని బతికేవాళ్లు. ఇప్పుడు నాచారంలో ప్లాస్టిక్ తుక్కు వేరుచేసే గోదాములో ఆమెకు పని దొరికింది. పిల్ల పేరు ఉప్పలమ్మ, పదకొండు నడుస్తున్నాయి. పలక పట్టింది లేదు. ఉమాపతి సారు పుట్టిన సంవత్సరం అడిగి, వేళ్ల మీద లెక్కేసి, రిజిస్టరులో ఐదో తరగతి అని రాశాడు. వయసుకు తగిన తరగతిలోనే చేర్చాలని కొత్త విద్యాహక్కు చట్టం చెబుతోందన్నాడు. అక్షరాలు రాని పిల్ల ఐదులో ఏం చేస్తుందని రూతమ్మ అడిగింది. అలాంటి వాళ్లకు వేరే శిక్షణ ఇమ్మని కూడా చట్టంలో ఉందనీ, దానికి మనిషిని పంపుతారనీ ఆయన చెప్పాడు. ఆ మనిషి ఆగస్టు దాకా రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

ఉప్పలమ్మ వరుస చివర కూర్చుని పుస్తకం తెరిచి పెట్టుకునేది. పేజీ తిప్పాలని ఎవరూ చెప్పకపోతే సాయంత్రం దాకా అదే పేజీ. రూతమ్మ ఓ రోజు ఆమెను ఒకటో తరగతిలోకి తీసుకుపోయి కూర్చోబెట్టింది. చిన్నపిల్లలు లేచి నిలబడి నమస్తే టీచర్ అన్నారు. ఉప్పలమ్మ మొహం చేతుల్లో దాచుకుని పారిపోయింది.

 మర్నాడు రూతమ్మ నాలుగు, ఐదు తరగతుల వాళ్లను ఒక్కొక్కర్నే పిలిచి చదివించింది. ఐదులో పద్నాలుగు మంది ఉంటే తొమ్మిది మందికి వాక్యం చదవడం రాదు, ముగ్గురికి ఒత్తులు తెలియవు. ఇన్నేళ్లూ తన కళ్లముందే వాళ్లు ఒకటి నుంచి రెండుకూ, రెండు నుంచి మూడుకూ ఎక్కుతూ వచ్చారు. ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

సోమవారం నుంచి మొదటి గంటన్నర తరగతులు తీసేసింది. అక్షరాలు వచ్చినవాళ్లు, రానివాళ్లు, మాటలు చదివేవాళ్లు, కథ చదివేవాళ్లు అని నాలుగు గుంపులు చేసింది. ఏ గుంపులో చూసినా అన్ని ఎత్తుల పిల్లలూ ఉన్నారు గనక ఉప్పలమ్మ ఒక్కతే పెద్దగా కనబడలేదు. దసరా నాటికి గుణింతాలు పట్టుకుంది. మధ్యలో ప్రత్యేక రాష్ట్రం కోసం జరిగిన సమ్మెతో నెల పైగా బడులు మూతపడితే రూతమ్మ తాము వెళ్లే చర్చి వరండాలో చాప పరిచింది. వచ్చిన పదిమందిలో ఉప్పలమ్మ అందరికంటే ముందు వచ్చేది.

నవంబరులో బుచ్చిరాములు బడికొచ్చాడు. ఫ్యాక్టరీలో హమాలీ పని. కొడుకు శివ ఐదో తరగతి. రెండో తరగతి పిల్లల పక్కన కొడుకును చూసి, గడపలోనే నిలబడిపోయాడు.

"టీచరమ్మా, నా కొడుకు అయిదు చదువుతుండని అందరికి జెప్పుకుంటున్న. గీ పోరగాళ్లల్ల కూసోవెట్టి ఇజ్జత్ దీస్తున్నవేంది?"

రూతమ్మ నచ్చజెప్పింది. ఆయన వినలేదు. చివరికి ఆమె తెగించి, శివ చేతికి రెండో తరగతి పుస్తకం ఇచ్చి చదవమంది. పిల్లవాడు మొదటి మాట దగ్గరే ఆగిపోయాడు. బుచ్చిరాములు కాసేపు కొడుకును చూశాడు, తర్వాత గోడను చూశాడు. గడప దిగి వెళ్లిపోయాడు. అంతమంది ముందు ఆ తండ్రిని అలా నిలబెట్టకుండా ఉండాల్సిందని రూతమ్మ చాలాకాలం బాధపడింది.

ఆయన ఎవరికి చెప్పాడో ఏమో, వారం తిరక్కుండా తనిఖీ అధికారి వచ్చాడు. హాజరు పట్టీ చేతబట్టుకుని ఐదో తరగతిని చూపించమన్నాడు. ఐదో తరగతి నాలుగు మూలలా ఉంది. ఇది బడా అంగడా అని ఉమాపతి సారును నిలదీశాడు. ఆ తర్వాత, పొడుగ్గా ఉందనేమో, ఉప్పలమ్మను లేపి ఐదో తరగతి తెలుగు పుస్తకం ఇచ్చాడు. ఆమె అక్షరాలు కూడబలుక్కుంటూ మూడు మాటలు చదివింది. జూన్‌లో ‘అ’ కూడా రాని పిల్ల. ఆ సంగతి చెప్పబోయిన రూతమ్మను ఆయన చెయ్యెత్తి ఆపాడు. అయిదులో ఉండి ఇదేనా చదువు అన్నాడు. పిల్లలు కొందరు నవ్వారు.

మర్నాటి నుంచి ఎవరి తరగతిలో వాళ్లు కూర్చోవాలని ఉమాపతి సారు చెప్పాడు. "నా సర్వీసు ఇంక రెండేండ్లే ఉన్నది రూతమ్మా, మెమో దెచ్చి పెట్టకు" అని బతిమాలుకున్నాడు. ఆమె మళ్లీ వీపులు కలిపి కూర్చోబెట్టింది. ఉప్పలమ్మ మూడు రోజులు వరుస చివర కూర్చుంది. నాలుగో రోజు రాలేదు.

గోదాముకు వెళ్లి అడిగితే, పిల్ల జవహర్‌నగర్‌లో అమ్మమ్మ దగ్గరికి పోయిందని సత్తమ్మ చెప్పింది. ఆదివారం ప్రార్థన అయ్యాక రూతమ్మ షేర్ ఆటోలు మారి అక్కడికి వెళ్లింది. చెత్త గుట్టకు ఇవతల రేకుల గుడిసె ముందు ఉప్పలమ్మ సీసాల మూతలు తీసి సంచిలో వేస్తోంది. టీచరును చూసి లేచింది గానీ దగ్గరకు రాలేదు. బడికి ఎందుకు రావడం లేదని రూతమ్మ అడుగుతుంటే సీసా మూత తిప్పుతూ నిలబడింది. అడగడం మానేశాక తనే అంది.

"అయిదుల కూసుంటె నాకేం సమజ్ గాదు టీచర్. ఒకట్ల కూసుంటె నవ్వుతరు. మరి నేనేడ కూసోవాలె?"

 రూతమ్మ సంచి అంచు పట్టుకుని ఆ పిల్ల పక్కనే కూర్చుండిపోయింది. తర్వాత ఇంకో మూడు ఆదివారాలు వెళ్లింది. నాలుగో ఆదివారం గుడిసెకు తాళం ఉంది.

ఏప్రిల్‌లో ఉమాపతి సారు ఐదో తరగతి జాబితా ముందుపెట్టి మార్కులు వెయ్యమన్నాడు. ఎవర్నీ ఆపకూడదని ఉత్తర్వు. ఉప్పలమ్మ పేరు అప్పటికీ పట్టీలోనే ఉంది, తీసేస్తే బడి మానిన పిల్ల ఎందుకు మానిందో రాయాలి. రూతమ్మ కలం పట్టుకుని మిగతా పేర్లన్నిటికీ మార్కులు వేసింది. ఆ పేరు వదిలేద్దామని, ఈ ఒక్కటీ రాయలేనని అంది. నువ్వు రాయకపోతే నేను రాస్తానన్నాడాయన. చివరికి ఆమే రాసింది. ఆ పిల్లకు తెలుగులో యాభై రెండు వేసింది.

సర్టిఫికెట్ తీసుకుని జవహర్‌నగర్ వెళ్తే ఈసారి ఉప్పలమ్మ దొరికింది. కాగితం తిప్పి చూసుకుంది. తన పేరు వేలు పెట్టి అక్షరం అక్షరం చదివి, కింద మాట దగ్గర ఆగింది.

"గిదేంది టీచర్?"

"ఉత్తీర్ణత. పాసయినవని."

"దేంట్ల?"

 ఉప్పలమ్మ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి అమ్మమ్మకు ఇచ్చి, మళ్లీ సీసాల దగ్గరకు పోయింది.

ఆ జూన్‌లో రూతమ్మను మళ్లీ వాలంటీరుగా బడికి పిలవలేదు. పిలిచినా పోయేదాన్ని కానని మోషేతో అంది. అది అబద్ధమని ఆయనకు తెలుసు.  బడి గంట కొట్టే వేళకు, ఆ చప్పుడు వినబడకుండా, ఆమె వంటింటి తలుపు దగ్గరకు వేసుకుని కూర్చునేది.