సగం దగ్గర ఆగిన ముల్లు

ఫిబ్రవరి, రెండో మంగళవారం. జనగామ నుంచి మహబూబాబాద్, అక్కడి నుంచి భూపాలపల్లి మీదుగా కాటారం. హాజరైనవారు: నేను, మహబూబాబాద్‌లో మీటర్ల మెకానిక్ వీరన్న, కాటారం దగ్గరి పల్లెలో సమ్మయ్య, ఆయన భార్య రాజక్క. కారు రాలేదు. దాని హీట్ మీటరు, సెన్సరు మాత్రం నా టిఫిన్ డబ్బాలో వచ్చాయి.

ఆ రోజు డైరీ ఇలా మొదలవుతుంది. ఈ పంక్తులు తిరిగి వచ్చాక రాసినవి. బయల్దేరేటప్పుడు నేను మహబూబాబాద్ దాటి పోతానని నాకు తెలియదు.

ప్రయాణానికి కారణం చిన్నది. నా పాత అంబాసిడర్ చాలా ఏళ్లుగా షెడ్డులోనే ఉంది. పాత కార్లంటే ప్రాణమిచ్చే ఒక స్నేహితుడికి దాన్ని ఇద్దామనుకున్నాను. ఆయన ఒకటే కోరాడు: బోర్డు మీది మీటర్లన్నీ నిజం చెప్పాలి. మిగతావి జనగామలోనే సరిచేయించాను. ఇంజను వేడి చూపించే మీటరు ఎవరికీ అంతుపట్టలేదు. పాత మీటరుకు తగిన సెన్సర్ జతచేసేవాడు మహబూబాబాద్‌లో వీరన్న ఒక్కడే అన్నారు. ఫోన్ చేస్తే ఆయన అడిగింది ఇది: "మీటరు, సెన్సరు రెండూ పట్కరాండ్రి సార్. ఒక్కటి తెస్తే నేనేం జెయ్యలేను. సెన్సర్ ఎప్పుడు మార్చిండ్రో గది గూడ రాసుకొని రాండ్రి." పాత కార్లున్నవారు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. నేను కాగితం మీద రాసుకోకుండా పంతొమ్మిదేళ్ల కిందటి డైరీనే సంచిలో పెట్టుకున్నాను.

ఉదయం 7:10కి జనగామలో రైలెక్కాను. రఘునాథపల్లి దాటగానే ఎదుటి సీటులో కూరగాయల గంపతో ఉన్న ఆమె నా ఒడిలోని డబ్బా వైపు చూసి అడిగింది.

"ఏం కూర బాపూ? అంత గట్టిగ పట్టుకున్నవు!"

"కూర గాదమ్మా. కారు మీటరు."

"అయ్యో, మరి తినుడెట్ల?" అని తన మూటలోంచి రెండు సర్వపిండి ముక్కలు తీసి పెట్టింది. ఇంటి నుంచి తెచ్చిన ఇడ్లీలు వేరే సంచిలో ఉన్నాయని చెప్పినా వినలేదు. కాజీపేటలో బండి పావుగంట ఆగింది. నెక్కొండ, కేసముద్రం దాటి 9:45కి మహబూబాబాద్‌లో దిగాను.

వీరన్న దుకాణం స్టేషన్ నుంచి పది నిమిషాల నడక. తండా నుంచి రోజూ మోటార్ సైకిల్ మీద వస్తాడు. లోపల ఫోన్‌లో ఎవరితోనో లంబాడీలో మాట్లాడుతూనే నాకు స్టూలు చూపించాడు. గోడ నిండా రకరకాల మీటర్లు, ఏ ముల్లూ కదలకుండా. నా డబ్బా తెరిచి బొటనవేలంత సెన్సర్‌ని కంటికి దగ్గరగా పట్టుకుని చూశాడు. పరీక్ష మొదలుపెట్టాడు. గిన్నెలో నీళ్లు పోసి, స్టవ్ మీద పెట్టి, సెన్సర్‌ని తీగతో నీళ్లలో వేలాడదీశాడు. పక్కనే ఒక థర్మామీటరు. తీగ రెండో కొసను బ్యాటరీకి, నా మీటరుకు కలిపాడు.

నీళ్లు వేడెక్కాయి. ముల్లు మెల్లగా లేచింది. నీళ్లు మరిగాయి. థర్మామీటరు వందకు చేరింది. ముల్లు సగం దగ్గర ఆగిపోయింది. వీరన్న ఇంకో ఐదు నిమిషాలు మరిగించాడు. అది అక్కడే ఉంది.

"సార్, మర చుడీలు పట్టినంత మాత్రాన జోడి కుదిరినట్టా? గీ మీటరుకు గీ సెన్సర్‌ను ఎవడు కట్టబెట్టిండు?"

"నేనే. వరంగల్‌ల ఒక దుకాణంల కొన్న. మర సరిగ్గ పట్టింది, వైరు గూడ సరిపోయింది."

"గది వేరే బండి సెన్సర్. ఒక్కో మీటరుకు ఒక్కో లెక్క ఉంటది. వేడికి ఎంత కరెంటు ఇడవాలెనో సెన్సర్‌కు, మీటరుకు ఒక్కటే లెక్క ఉండాలె. గిది మస్తు వేడైనా కొద్దిగనే ఇడుస్తది. ఇంజన్ ఉడికిపోతున్నా ముల్లు సగంలనే కూసుంటది." నవ్వి అడిగాడు: "మీరేం నౌకరి జేసిండ్రు సార్?"

"తూనికలు కొలతల ఇన్‌స్పెక్టర్."

ఆయన నవ్వు ఆపేశాడు. అది మర్యాద కోసమని నాకు తెలుసు.

డైరీ తీశాను. ఏప్రిల్‌లో ఒక పేజీ: "కొత్త సెన్సర్ వేయించాను. ఇదివరకు ముల్లు సగం దాటేది. ఇప్పుడు సగం కిందనే ఉంటోంది. బండి చల్లగా నడుస్తోంది. సంతోషం." అదే కారు, అదే రేడియేటర్, అదే ఎండ. ఒక్క సెన్సర్ మారితే ఇంజను ఎలా చల్లబడుతుందని ఆ రోజు నన్ను నేను అడగలేదు. తక్కెడ పళ్లెంలో కూర్చున్నదల్లా కిలో రాయి కాదని ముప్పై ఏళ్లు దుకాణదారులకు చెప్పినవాణ్ణి. చెప్పడమే కాదు, ముద్ర లేని రాళ్లను జప్తు చేసేవాణ్ణి.

ఇరవై మూడు రోజుల తర్వాతి పేజీ కూడా తిప్పాను. తిప్పకముందే అక్షరం అక్షరం గుర్తుంది. "పరకాల దగ్గర ఇంజను పట్టేసింది. సమ్మయ్య ముల్లు చూడలేదు. పైగా చూశానని అబద్ధం."

సమ్మయ్య మా డ్రైవర్. నాకు డ్రైవింగ్ రాదు. అప్పుడు ఆయన వయసు ముప్పై ఐదు ఉంటుంది. ఆ రోజు మా చుట్టాల్ని భూపాలపల్లిలో దింపి ఒక్కడే తిరిగి వస్తున్నాడు. రేడియేటర్‌కు గాలి కొట్టే ఫ్యాను బెల్టు సడలిందని తర్వాత తేలింది. లారీకి కట్టుకుని బండిని జనగామ తెచ్చాక స్టేషన్ ముందు అడ్డా మీద, ఐదారుగురు డ్రైవర్ల మధ్య నిలబడి చెప్పాడు: "సారు, ముల్లు సగం దాటలే. నేను చూస్తనే ఉన్న." నేను అన్నాను: "ముల్లు అబద్ధం చెప్పదు. నువ్వు చెప్తున్నవు." ఇంకోమాట మాట్లాడనివ్వలేదు. ఆ తర్వాత జనగామలో అతనికి ఎవరూ స్టీరింగ్ ఇవ్వలేదు. నెల తిరక్కముందే భార్యతో కాటారం దగ్గరి సొంతూరికి వెళ్లిపోయాడు.

వీరన్న తన డబ్బాలోంచి నాలుగు సెన్సర్లు ఒకదాని తర్వాత ఒకటి అదే నీళ్లలో వేశాడు. మూడోది ముల్లును సరిగ్గా ఎర్రగీత అంచుకు తీసుకెళ్లింది. దాన్ని ఒక గుడ్డలో, పాతదాన్ని వేరే గుడ్డలో కట్టాడు.

"పాతది పారెయ్యాల్నా సార్?"

"వద్దు. గదే కావాలె" అన్నాను.

మధ్యాహ్నం 12:00కి నర్సంపేట మీదుగా హన్మకొండ పోయే బస్సెక్కాను. ఇంటికి ఫోన్ చేసి రేపు వస్తానని చెప్పాను. 2:20కి హన్మకొండ. బస్టాండు ఎదురుగా అన్నం తిన్నాను. పప్పు బాగుంది, నేనే సగం వదిలేశాను. 2:50కి భూపాలపల్లి బస్సు. పక్కసీటులో బొగ్గుబాయిలో పనిచేసే ఒకాయన, షిఫ్టుకు పోతున్నాడు.

"ఎవరింటికి సార్?"

"ఒక తెలిసినాయన దగ్గరికి. మాట చెప్పాలె."

"ఫోన్ల చెప్తే అయిపోవు గదా."

"గిది ఫోన్ల చెప్పేది గాదు."

పరకాల దాటాక కిటికీలోంచి చూశాను. ఏ చోట ఆగిందో నాకు తెలియదు. ఆ రోజు అడగనే లేదు. ఎండలో ఎంతసేపు నిలబడ్డాడో, నీళ్ల కోసం ఎటు పోయాడో, అవేవీ డైరీలో లేవు. నా డైరీలో ఖాళీలు ఉండవని గొప్ప చెప్పుకునేవాణ్ణి.

భూపాలపల్లి 5:05. ఇరవై నిమిషాల్లో కాటారం బస్సు దొరికింది. మహదేవపూర్ పోయేవాళ్లతో నిండిపోయి ఉంది. ఒకతను లేచి చోటిచ్చాడు. కాటారంలో దిగి సమ్మయ్య పేరు, ఊరి పేరు చెబితే ఆటో ఆయన "పొలం సమ్మయ్యనా?" అన్నాడు. ఇంటి ముందు దింపేసరికి 6:30. ఇంకా కాస్త వెలుతురుంది.

రాజక్క వాకిట్లో బియ్యం చెరుగుతోంది. "ఎవరు?"

"జనగామ సారునమ్మా."

చాట ఆగింది. "ఏ జనగామ సారు? మా ఆయనను అబద్దాలోడన్న సారా?"

"అవునమ్మా."

ఆమె లోపలికి పోయి కుర్చీ తెచ్చి వేసింది. నీళ్లిచ్చింది. కూర్చోమనలేదు. నేను నిలబడే ఉన్నాను. కాసేపటికి సమ్మయ్య పొలం నుంచి మోకాళ్ల దాకా బురదతో వచ్చాడు. జుట్టు సగం తెల్లబడింది. నన్ను చూసి చేతిలోని పార గోడకానించి, "సారు, కూసోండ్రి. పాణం మంచిగున్నదా?" అన్నాడు, నిన్ననే విడిపోయినట్టు.

"సమ్మయ్యా, నీ తప్పు లేదు. నువ్వు ముల్లు చూసినవు. అది సగంలనే ఉన్నది. నేను తప్పు సెన్సర్ ఏయించిన."

నేను బస్సులో పేర్చుకున్న మాటలు అంతకన్నా ఎక్కువ. ఆయన నా ముఖం చూశాడు, తర్వాత భార్య ముఖం చూశాడు.

"ఎట్ల తెలుసు సారు?"

డబ్బా తెరిచాను. ఆయనకు చెప్పనక్కర లేకపోయింది. పక్కింటి ట్రాక్టర్ బ్యాటరీ మోసుకొచ్చాడు. రాజక్క కట్టెల పొయ్యి మీద చాయ గిన్నె పెట్టింది. పాత సెన్సర్‌ని నీళ్లలో వేలాడదీశాం. ముగ్గురం పొయ్యి చుట్టూ కూర్చున్నాం. ముల్లు లేచింది. నీళ్లు తెర్లాయి. ముల్లు సగం దగ్గర నిలబడింది. సమ్మయ్య వంగి, కళ్లు చికిలించి, గాజు మీద వేలు పెట్టాడు.

"గిదే. గీడనే ఉండె."

తర్వాత వీరన్న ఇచ్చిన సెన్సర్ వేశాను. ముల్లు ఎర్రగీత దాకా పోయింది. సమ్మయ్య మళ్లీ పాతది వేయమన్నాడు. మళ్లీ కొత్తది. నాలుగుసార్లు మార్పించాడు. గిన్నెలో నీళ్లు అడుగంటాయి.

"నేను మీకు ఎదురు జెప్పలే సారు, ఎందుకో ఎరికేనా?" అన్నాడు చివరికి. "మీరు అంత గట్టిగ అన్నంక నాకే అనుమానమొచ్చింది. కునుకు తీసిన్నేమో, చూసిననుకుంటున్ననేమో అని. కాటారంల బడి పిల్లల బండి నడుపుమని పిలిచిండ్రు. రెండుసార్లు పిలిచిండ్రు. పోలే. నా కండ్ల మీద నాకే నమ్మకం లేకపాయె, పిల్లల్ని ఎట్ల కూసోబెట్టుకోవాలె? లైసెన్సు గూడ మళ్ల చేయించలే."

నేను ఆయన్ని అబద్ధాలకోరన్నాను, ఆయన తనకు తాను అంతకంటే పెద్ద శిక్ష వేసుకున్నాడు. ఈ ప్రయాణంలో నేను దీనికి సిద్ధపడి రాలేదు.

"నేను చెప్తనే ఉన్న, నీ కండ్లు మంచిగున్నయి అని," అంది రాజక్క. "పెండ్లాం మాట ఇనడు. సారు మాట ఇంటడు." నా వైపు తిరిగింది. "నాకు, ఈయనకు చెప్తే ఏం ఫాయిద సారూ? అడ్డ మీద నలుగుట్ల అన్నవు. అడ్డ మీదనే చెప్పు."

"చెప్త."

"ఊకో, సారు పెద్దమనిషి," అన్నాడు సమ్మయ్య.

"నువ్వు ఊకో. పంతొమ్మిదేండ్లు ఊకున్నవు గదా."

రాత్రి అన్నం, పచ్చిపులుసు పెట్టారు. నాకు మంచం వేసి, వాళ్లు చాప మీద పడుకున్నారు. వద్దన్నా వినలేదు. డైరీలో పాత పేజీని కొట్టేయమంటావా అని సమ్మయ్యను అడిగాను. "కొట్టేయొద్దు సారు. కింద రాయండ్రి," అన్నాడు. రాశాను. చదివి వినిపించాను. పాత సెన్సర్ తన దగ్గర ఉంచుకుంటానన్నాడు. ఇచ్చాను.

బుధవారం ఉదయం 7:30 బస్సుకు సమ్మయ్య కాటారం దాకా వచ్చాడు. భూపాలపల్లిలో, హన్మకొండలో బస్సులు మారి, కాజీపేటలో రైలెక్కి మధ్యాహ్నం 2:40కి జనగామలో దిగాను. ఈ దారిన వెళ్లేవారికి చెప్పదగ్గది: బస్సులు వేళకే ఉన్నాయి, రోడ్డు బాగుంది, కాటారం నుంచి పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికల్లా ఇల్లు చేరవచ్చు. అంటే ఈ పంతొమ్మిదేళ్లలో ఏ రోజైనా నేను అక్కడికి వెళ్లి ఉండవచ్చు. మీటరును కూడా ఏ రోజైనా ఒక గిన్నె నీళ్లతో పరీక్షించి ఉండవచ్చు.

మర్నాడు, గురువారం, ఉదయం 8:00కి స్టేషన్ ముందుకు వెళ్లాను. ఆనాటి అడ్డాలో ఇప్పుడు కార్లు లేవు, ఆటోలున్నాయి. పాతవాళ్లలో ఒక్కడే కనిపించాడు, నర్సయ్య. కారు వదిలి ఆటో నడుపుతున్నాడు.

"నర్సయ్యా, మా సమ్మయ్య గుర్తున్నడా?"

"ఏ సమ్మయ్య సార్?" కాసేపు ఆలోచించాడు. "ఓ, ఇంజన్ కాల్చిన సమ్మయ్యనా?"

ఆ పేరు పెట్టింది నేను.

"ఆయన కాల్చలే. ముల్లు చూసిండు. మీటరు తప్పు, నేను పెట్టించిన. ఆయన చెప్పింది నిజం."

"అట్లనా సార్," అన్నాడు నర్సయ్య. ఇద్దరు ఆడవాళ్లు సంచులతో వస్తున్నారు. ఆయన వాళ్ల వైపు తిరిగి "రఘునాథపల్లి, రఘునాథపల్లి" అని కేకేశాడు. వాళ్లు ఎక్కారు. ఆటో కదిలింది.

అదే మాట చెప్పడానికి నేను దాని వెనక నిలిచి ఉన్న ఆటో దగ్గరికి నడిచాను.