చిన్న కెమెరా, నోరుజారిన మొక్కు

మూడు నెలలుగా నేను ఒక కెమెరాను ఎంచుకుంటున్నాను. పాపకు పాలిచ్చేటప్పుడు ఒక చేయి ఖాళీగా ఉంటుంది కదా, ఆ చేత్తో ఫోన్‌లో వెతికేదాన్ని. జేబులో పట్టాలి. నీళ్లు పడ్డా ఏమీ కాకూడదు. ఫోన్ చార్జర్‌తోనే చార్జింగ్ ఎక్కాలి.

పెద్ద కెమెరా నాకుంది. డిగ్రీ అయ్యాక ట్యూషన్లు చెప్పి కొనుక్కున్నది. పెళ్లికి ముందు గద్వాల నుంచి మేం నలుగురు స్నేహితురాళ్లం ఏటా చైత్ర పున్నమికి బస్సులో పోయి, నల్లమల లోయలో వెలసిన లింగమయ్య దగ్గరికి అడవిలో నడిచి వెళ్లేవాళ్లం. ఆ కొద్ది రోజులే అడవిలోకి అందరినీ వదులుతారు. రాళ్లు దిగుతూ లోయలోకి పోవాలి. చివరిసారి వాగు దాటుతూ జారాను. కెమెరా తడిసి ఆ రోజంతా పని చేయలేదు. లోయ అడుగున, రెండు బండల సందులోంచి వెలుగు పడే చోట, ఉత్త చేతులతో నిలబడి చూసి వచ్చాను. పెద్దదానికి తోడుగా చిన్నది ఒకటి ఉండాలని అప్పుడే అనుకున్నాను.

తర్వాత పెళ్లి, వనపర్తి, పాప. పాపకిప్పుడు పది నెలలు. మా ఆయన నాగర్‌కర్నూల్‌లో ఉద్యోగం చేస్తారు, పొద్దున బస్సెక్కితే చీకటి పడ్డాకే ఇంటికి. ఇంట్లో నేను, పాప, అత్తమ్మ. "ఎటు పోతున్నవ్" అనే ప్రశ్న లేకుండా నేను వీధి చివరి కూరగాయల బండి దాకా కూడా వెళ్లి చాలా కాలమైంది. అత్తమ్మ చెడ్డమనిషి కాదు. అడగడం ఆమెకు అలవాటు, చెప్పడం నాకు అలవాటైంది. పైగా నా భయాలు నాకున్నాయి. నిద్రలో పాప కాసేపు కదలకపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. ఇలాంటిదాన్ని, పాపను వదిలి అడవికెలా పోతాను? అయినా పోవాలి. ఒక్క రోజు, ఇంట్లోంచి నేనొక్కదాన్నే.

చివరికి రెండు కెమెరాలు మిగిలాయి. ఒకదానికి కన్ను ఆనించి చూసే చిన్న కిటికీ ఉంది. ఒక కన్ను మూసి, రెండోది దానికి ఆనిస్తే ఆ చదరంలో కనిపించేదే లోకం. వెనుక ఎవరు పిలిచినా పట్టదు. రెండోది నీళ్లలో పడ్డా, రాళ్ల మీద పడ్డా తట్టుకునే మొద్దు రకం. దానికి కిటికీ లేదు, వెనుక తెర చూసి తీయాలి. నాకు మొదటిదే కావాలి. కానీ కొనలేదు. కొన్న రోజే అడవికి పోతానని ఇంట్లో అడగాల్సి వస్తుంది. ఎంచుకుంటూ ఉన్నంతకాలం నన్నెవరూ వద్దనలేరు.

ఒకరోజు పాత స్నేహితురాలు ఫోన్ చేసింది.

"ఈసారన్న వస్తవానే? నువ్వు కెమెరా ఎంచేలోపల అడవిల చెట్లన్ని మోడులయితయ్."

ఫోన్ పెట్టగానే, పక్కన చిక్కుడుకాయలు తుంచుతున్న అత్తమ్మ అడిగింది. "ఏంది, యాడికి పోదమంటుంది?"

అత్తమ్మ పుట్టిల్లు బల్మూర్. అక్కడివాళ్లకు లింగమయ్య అంటే ప్రాణం. అది గుర్తొచ్చి నోరు జారాను.

"లింగమయ్యకు మొక్కుకున్న అత్తమ్మా, పాప కడుపుల ఉన్నప్పుడు. నడిచొస్తనని."

మొక్కంటే ఎవరూ కాదనరు. నడక నాది కాబట్టి నేను పోతాను, పాపను ఆమె చూసుకుంటుంది. నా లెక్క అది.

అత్తమ్మ రెండు చేతులూ జోడించింది. "ఇన్ని దినాలు చెప్పకపోతివి గదనే! పిల్ల పేరు మీద మొక్కి, పిల్ల లేకుంట ఎట్ల పోతవ్? అందరం పోదం. పుట్టెంటికలు గూడ ఆడనే తీపిద్దం."

కాసేపటికే పెబ్బేరులో ఉన్న ఆడబిడ్డ ఫోన్‌లోకి వచ్చింది. "వదినా, నీ పెద్ద కెమెరా పట్టుకో. అందరి ఫోటోలు మంచిగ రావాలె. మా ఆయన జీపు మాట్లాడుతడు."

"మొక్కు సంగతి నాకు చెప్పనే లేదేంది?" అని రాత్రి మా ఆయన నవ్వారు. ఆ నవ్వులో అనుమానం ఉందో లేదో నాకు తెలియలేదు.

నాలుగో రోజు పాపకు జ్వరం వచ్చింది. దవాఖానలో డాక్టరమ్మ జలుబే, భయం లేదంది. ఇంటికి రాగానే అత్తమ్మ పసుపు గుడ్డ, రూపాయి బిళ్ల తెచ్చి నా ముందు పెట్టింది. "ముడుపు కట్టు. ఆలస్యమయిందని తప్పు ఒప్పుకో." నేను చదువుకున్నదాన్ని. జ్వరానికీ నా అబద్ధానికీ సంబంధం లేదని తెలుసు. అయినా తప్పయిందని లోపల అనుకుంటూనే ముడి వేశాను.

జ్వరం తగ్గిన రోజు ఇక ఆగలేకపోయాను. "అత్తమ్మా, నేను మొక్కలేదు. ఒక్కదాన్నే పోవాలని గట్ల చెప్పిన."

అరుస్తుందనుకున్నాను. ఆమె బియ్యంలో రాళ్లేరుతూ తలెత్తలేదు.

"ఇప్పుడు చెప్తే ఏం ఫాయిదా? నోటితోని అంటివి, చేతులతోని ముడుపు కడితివి. దేవుడు వినె." ఒక రాయి ఏరి పక్కన పడేసి అంది. "నేను గూడ గట్లనే అన్న. మీ ఆయన చంకల పిల్లగాడప్పుడు. మొక్కు పేరు చెప్పి బల్మూర్ల మా అమ్మ దగ్గర నాలుగు దినాలు ఉండొచ్చని."

"ఉన్నరా?"

"యాడ ఉంటనే! మా అత్త, మామ, మరుదులు, అందరు బండ్లు కట్టుకొని నా ఎంట వచ్చిరి. అందరికి వండిపెట్టి మళ్ల వాళ్లతోనే వస్తి. మా అమ్మతోని మాట్లాడిందే లేదు."

ఇప్పుడంటుంది, ఈసారి నువ్వొక్కదానివే పోయిరా అని ఇప్పుడంటుంది అని ఎదురుచూశాను. ఆమె బియ్యం చెరుగుతూ అంది. "ఆ దినం తెల్లారకముందే లేవాలె. పులిహోర మనిద్దరం చేస్తే అయిపోతది."

స్నేహితురాలికి రానని చెప్పేశాను. మొక్కిన తల్లే పిల్లను ఎత్తుకుని లోయలోకి దిగాలట. పాప చంకలో ఉంటే నాకు మిగిలేది ఒక్క చేయి. ఆ రాళ్ల మీద ఒక కన్ను మూసుకుని నిలబడటం కుదరదు. నిన్న మధ్యాహ్నం కిటికీ ఉన్నదాన్ని జాబితాలోంచి తీసేసి, మొద్దు కెమెరాకు ఆర్డర్ పెట్టాను.

అత్తమ్మ నా భుజం మీదుగా ఫోన్‌లోకి తొంగి చూసింది.

"బరువుంటదా అది?"

"లేదు అత్తమ్మా, జేబుల పడతది."

"అయితే దిగేటప్పుడు నాకియ్యి, నేను పట్టుకుంట. నువ్వు పిల్లను పట్టుకో."

సరేనన్నాను.