ఇరాన్ వెళ్లాలంటే ముందు కొల్లేరు దాటి రమ్మన్నారు

నా రెండు కళ్ల మీద, మొన్ననే కొత్త చైను వేయించిన నా బుల్లెట్టు మీద ఒట్టు. కింద రాయబోయేదాంట్లో ప్రతి ముక్కా నిజం. తాడేపల్లిగూడెంలో నన్నెరిగినవాళ్లు ఈ వాక్యం దగ్గరే నవ్వడం మొదలెడతారని నాకు తెలుసు. నవ్వుకోనివ్వండి. ట్రాక్టరు విడిభాగాల కొట్టు నడుపుకునేవాడు, బేరాల్లేని మధ్యాహ్నాలు నాలుగు కబుర్లు కాస్త పెంచి చెబితే అదేం నేరం కాదు. కానీ ఇది యాత్ర. నా తర్వాత ఇంకెవరైనా ఈ దారిన వెళ్లొచ్చు. దారి చెప్పేటప్పుడు కూడా అబద్ధమాడేవాడు మనిషే కాడు.

సంగతేమిటంటే, హైదరాబాదు నుంచి ఐదుగురు మోటారు సైకిళ్ల మీద ఇరాన్ వెళ్తున్నారు. బండ్లు బొంబాయిలో ఓడెక్కుతాయి, మనుషులు విమానం ఎక్కుతారు, అవతలి ఒడ్డున రేవులో ఎవరి బండిని వాళ్లు మళ్లీ కలుసుకుంటారు. అక్కణ్నుంచి షీరాజ్, ఇస్ఫహాన్, తబ్రీజ్. ఆరో మనిషిగా నాకు చోటుంది. వస్తానో రానో సోమవారం పొద్దుటికల్లా చెప్పమన్నారు.

ఈ మాట పొక్కిందో లేదో, గూడెం గూడెమంతా నాకు పెద్దదిక్కు అయిపోయింది. "ఇరానా? బతకాలని లేదా అండీ?" అన్నాడు బేరింగు కొనడానికొచ్చినాయన. ఆ అన్నవాడి చేతిలో ఏముందో తెలుసా? ఇరానీ చాయ్! వాళ్ల టీ కావాలి, వాళ్ల ఖర్జూరాలు కావాలి, వాళ్ల రోడ్డు మీద మాత్రం మనిషి బతకడట. "మీరు ఎంతదాకా వెళ్లారండీ?" అని అడిగితే, "బెజవాడ దాకా" అన్నాడు. బెజవాడ దాకా వెళ్లిన మనిషి ఇరాన్‌కి చెడ్డపేరు పెట్టేస్తున్నాడు! ఒళ్లు మండదూ? అక్కడా పొద్దున్నే పిల్లలు బడికి వెళ్తారు, ఆడవాళ్లు ఉల్లిపాయలు బేరమాడతారు, చైను తెగితే మెకానిక్కులు రేపు రమ్మంటారు. ఎవడో టీవీలో గట్టిగా అరిచాడని దేశం దేశమంతా దొంగలైపోతుందా?

మా ఆవిడ సత్యవతి అరవలేదు. "అన్నయ్యని అడుగుదాం" అని, శనివారం పాసింజరెక్కి ఏలూరు వెళ్లిపోయింది. ఆదివారం పొద్దున్న ఆరింటికి నేను బండి తీశాను. ఇరాన్ కోసం కొన్న సరంజామా అంతా వేసుకున్నాను: మోచేతులకి, మోకాళ్లకి అట్టలున్న జాకెట్టు, చీలమండలు దాటే బూట్లు, హెల్మెట్టు మీద కెమెరా. ఐదువందల పెట్రోలు పోయించాను. ఉంగుటూరు, పూళ్ల దాటి భీమడోలులో ఇడ్లీకి ఆగితే పక్క బల్ల మీది పెద్దాయన నన్ను కింద నుంచి పైదాకా చూశాడు.

"ఆ హెల్మెట్టు మీద కొమ్మేంటండీ?"

"కెమెరా అండీ."

"ఎవర్ని తీస్తారండీ?"

"దారిని."

"దారిని తీసి ఏం చేసుకుంటారండీ? ఎక్కడికీ పోదు కదా అది!"

ఏడున్నరకి ఏలూరు పక్కనే ఉన్న వట్లూరు చేరాను. మా బావగారు, అంటే సత్యవతి అన్నయ్య, అక్కడే కాలేజీలో ఎకనామిక్స్ చెప్పి రిటైరయ్యారు. ఏ విషయం మీదైనా అభిప్రాయం తయారుగా ఉంటుంది. నన్ను కూర్చోబెట్టి, కాఫీ ఇప్పించి, తీర్పు చెప్పారు.

"బావగారూ, ఇరాన్ సంగతి తర్వాత చూద్దాం. ముందు మీరొక్కరూ బండి మీద కొల్లేరు నడుమ కొల్లేటికోట దాకా వెళ్లి సాయంత్రానికి క్షేమంగా రండి."

"కొల్లేటికోటలో ఏముందండీ భయపడటానికి?"

"ఏముందా! ఆ చేపల చెరువుల గట్ల మీద కొత్త మొహం కనబడిందంటే చుట్టుముట్టేస్తారండీ. చెరువులో విషం కలపడానికొచ్చాడంటారు, లేకపోతే సర్వేకి వచ్చాడంటారు. ఎన్ని వినలేదూ!"

"మీరెప్పుడైనా వెళ్లారా అండీ?"

"అలాంటి చోటికి ఎందుకు వెళ్తానండీ?"

చూశారా? బేరింగు కొన్నాయనే నయం, బెజవాడ దాకా అయినా వెళ్లాడు. ఈయన గంటన్నర దూరంలో ఉన్న ఊరిని పడక్కుర్చీలోంచి లేవకుండానే భయంకరమైన దేశం చేసేశారు. నేను నోరు తెరవబోతుంటే వంటింట్లోంచి సత్యవతి అంది: "వెళ్లి రండి. వచ్చి ఏం జరిగిందో చెప్పండి. అక్కడ బాగానే ఉందంటే ఇరాన్‌కి నాకూ అభ్యంతరం లేదు, అన్నయ్యకీ ఉండదు." బావగారు తలూపారు. అదీ ఒప్పందం.

తొమ్మిదింటికి కైకలూరు రోడ్డెక్కాను. ఊరు దాటాక ఇక రెండు వైపులా నీళ్లే. గట్టు, చెరువు, మళ్లీ గట్టు, మళ్లీ చెరువు. తాళ్లకి వేలాడగట్టిన మేత సంచుల చుట్టూ చేపలు గుమిగూడి నీళ్లు ఉడికిస్తున్నట్టున్నాయి. చేపల లారీలు ఐసు నీళ్లు కార్చుకుంటూ పోతుంటే రోడ్డు తడిసి జారుతుంది. వెనక వచ్చేవాళ్లు లారీకి దూరంగా ఉండాలి, ఇది గుర్తుంచుకోండి. పాతేసిన గుంజల మీద గూడబాతులు వరసగా కూర్చుని, పని లేని ఆఫీసర్లలా నా వంక చూశాయి. దారిలో నన్ను ఆపిన మనిషి ఒక్కడే. సైడు స్టాండు తీయలేదని చెప్పడానికి ఆపాడు.

మెయిను రోడ్డు వదిలి లోపలికి తిరిగాక కాలువ అడ్డొచ్చింది. దాటించడానికి పంటు ఉంది: రెండు పడవల మీద చెక్కలు పరిచి, మనుషుల్నీ బండ్లనీ ఒకేసారి ఎక్కిస్తారు. బండికీ నాకూ కలిపి ఇరవై రూపాయలు. నా పక్కన చేపల గంపతో ఒక మామ్మగారు నిలబడింది.

"ఏ ఊరు బాబూ?"

"తాడేపల్లిగూడెం అండీ."

"అమ్మో! ఆ హైవే పక్కనెలా ఉంటున్నారయ్యా? ఒకసారి మా చెల్లెలింటికొచ్చి, రోడ్డు దాటలేక మళ్లీ బస్సెక్కి ఇంటికొచ్చేశాను."

చెల్లెల్ని చూడకుండానేనా అని అడిగితే, "ఫోనులో చూశాన్లే" అంది.

కొల్లేటికోటలో అమ్మవారి దర్శనం చేసుకున్నాను. పదకొండున్నర. అంతా ప్రశాంతం. మండుటెండలో అంత జాకెట్టు తగిలించుకొచ్చిన మనిషికి ఒక్క గీత పడలేదు, ఒక్కరు కోపంగా చూడలేదు. నాకే కాస్త అవమానంగా అనిపించింది. బావగారు చెప్పిన గట్లేవో చూద్దామని బండిని ఒక చెరువు గట్టెక్కించాను. ముందురోజు వాన పడిందట. నల్లమట్టి చక్రానికి చుట్టుకుంది, వెనక టైరు పక్కకి వెళ్లింది, బండి మెల్లిగా వాలిపోయింది. నా కాలు కింద ఇరుక్కుంది. చెరువు అక్కడికి జానెడు దూరం.

ఆ గట్టు మీదే పడవ గెడ పట్టుకుని ఒకాయన పరుగెత్తుకొచ్చాడు. యాభై ఏళ్లుంటాయి. వచ్చాడు సరే, గెడ ఎత్తుతాడేమోనని చూశాను. దాన్ని బండి కిందకి దూర్చి పైకెత్తాడు.

"కాలు తీసుకోండి. నెప్పిగా ఉందా అండీ?"

లేదన్నాను. అప్పుడాయన కళ్లు నా హెల్మెట్టు మీదికి వెళ్లాయి. మొహం పాలిపోయింది.

"ఏవండీ... మీరు సర్వే వాళ్లా అండీ?"

అక్కడ ఆ మాట అడగడం తేలిక కాదు. సరస్సు హద్దు ఎక్కడిదాకా అని కొలిస్తే, ఆ తర్వాత చెరువు గట్టు తెగ్గొడతారేమోనన్న భయం ఆ ఊళ్లో అందరికీ ఉంది. కాదండీ, ఊరికే చూడ్డానికొచ్చాను అన్నాను. "అయితే అది కాస్త ఆపుతారా అండీ" అన్నాడు. ఆపాను. బావగారు చెప్పిన చుట్టుముట్టడం ఆసాంతం ఇదే.

ఆయన పేరు ఏడుకొండలు. ఆ చెరువులో ఆయనకీ చిన్న వాటా ఉంది. ఇంటికి తీసుకెళ్లాడు. ఆయన భార్య మంగమ్మగారు నా జాకెట్టు మీది మట్టి తడిగుడ్డతో తుడుస్తూ, "ఇంత బరువు మోసుకుని ఎందుకొచ్చారండీ, పెళ్లికొడుకు సూటులా ఉంది" అని నవ్వింది. కొర్రమీను పులుసుతో అన్నం పెట్టారు. వరండాలో ఒక ఫ్రిజ్ ఉంది, లోపల చేపల మందుల డబ్బాలు.

"పాడైందండీ" అన్నాడు ఏడుకొండలు. "ఏలూరులో మెకానిక్కుకి ఫోన్ చేస్తే, కొల్లేరు లోపలికా, మేం రామండీ అంటాడు. అంత భయపడాల్సింది ఇక్కడ ఏముందండీ? మీరు చూశారు కదా. వెళ్లాక నలుగురికి చెప్పండి, దారి బాగానే ఉందని, మనుషులు మంచివాళ్లేనని."

చెబుతానన్నాను. కోపంగానే అన్నాను, ఆ మెకానిక్కు మీద, మా బావగారి మీద. రెండున్నరకి బయల్దేరి, దారి పొడుగునా ఆ కోపాన్ని వేడి తగ్గకుండా మోసుకుంటూ, నాలుగింటికి వట్లూరు చేరాను.

వరండాలో బావగారు, మా సత్యవతి, పక్కింటి వాళ్లిద్దరు. పళ్లెంలో పకోడీలు. అందరూ నా కోసమే కూర్చున్నారు.

"ఎలా జరిగింది బావగారూ?"

"బాగానే జరిగిందండీ" అన్నాను. "దారీ బాగుంది, మనుషులూ మంచివాళ్లు."

అక్కడితో ఆగి ఉంటే ఇరాన్ నా చేతిలో ఉన్నట్టే. కానీ పక్కింటాయన మొహం వాడిపోయింది. పకోడీ నోటి దాకా తెచ్చి ఆపి, "అంతేనా అండీ?" అన్నాడు.

అంతేనా! నలభై ఏళ్లుగా కబుర్లు చెబుతున్నవాణ్ని. నన్ను పట్టుకుని ఎవరూ ఆ మాట అనలేదు.

"అంతే అంటే... మొదట్లో కాస్త ఇబ్బందయింది" అన్నాను. ఇక నా నోరు నా మాట వినలేదు. ఒక గెడ పాతిక గెడలయింది. ఏడుకొండలుకి మూరెడు మీసం మొలిచింది. బండిని వాళ్లే చెరువులోకి తోశారు. మంగమ్మగారు దూరంగా మంచం మీద కూర్చుని, వేలెత్తి హుకుం జారీ చేసే నాయకురాలయింది. "కెమెరా ఆపు!" అని గట్టు అదిరేలా అరిచారు. చివరికి ఎలా బయటపడ్డానంటే, నేను చేపల డాక్టర్నని చెప్పి, వలలోంచి ఒక పెద్ద బొచ్చె చేపను తీయించి, కళ్లు మూసుకుని దాని నాడి చూశాను. "దీనికి రక్తపోటు ఉంది, ఇవాళ మేత వేయకండి" అన్నాను. పాతికమందీ గెడలు దించి దణ్ణం పెట్టారు.

పకోడీలు చల్లారిపోయాయి, ఒక్కరూ ముట్టుకోలేదు. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. అప్పుడు బావగారు తొడ చరిచారు.

"చూశారా! నేను చెబితే నమ్మారు కాదు. గంటన్నర దూరంలోనే ఇలా ఉంటే ఇరాన్‌లో ఎలా ఉంటుంది? ఆ మాటెత్తకండి ఇక."

పక్కింటాయన అప్పటికే ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని కాలనీ గ్రూపుకి చెప్పేస్తున్నాడు: "కొల్లేరు వైపు ఎవరూ వెళ్లకండి. మన కళ్లెదుట ఉన్న మనిషే సాక్షి." వద్దండీ అనేలోపు పంపేశాడు. పొద్దుట్నుంచీ నేను ఎవరి మీద మండిపడుతున్నానో, వాళ్లందరూ కలిసి ఏళ్ల తరబడి చేయలేని పని నేను పళ్లెం పకోడీల ముందు చేశాను.

ఐదింటికి సత్యవతిని వెనక ఎక్కించుకుని బయల్దేరాను. గుండుగొలను, భీమడోలు దాటాం. పూళ్ల దగ్గర టీకి ఆగాం. అక్కడ చెప్పేశాను: గెడ ఒకటే, పులుసు, ఫ్రిజ్, ఆయన అడిగిన మాట, అన్నీ. సత్యవతి నవ్వలేదు. తన ఫోను తీసి బావగారికి కలిపి నా చేతికిచ్చింది.

"బావగారూ, నేను చెప్పిందంతా అబద్ధమండీ. వాళ్లు నాకు అన్నం పెట్టారు."

 అవతలి నుంచి బావగారి గొంతు జాలిగా వచ్చింది.

"బెదిరించారా బావగారూ? ఎవరికీ చెప్పొద్దన్నారా? భయపడకండి, నేనున్నాను."

ఎంత చెప్పినా నమ్మలేదు. నాడి చూసిన బొచ్చెను నమ్మారు, పులుసులో ఉన్న కొర్రమీనుని నమ్మలేదు! ఎవరి మీద కోప్పడాలో తెలీక టీ గ్లాసు బల్ల మీద గట్టిగా పెట్టాను. కొట్టువాడు నా వంక చూశాడు.

అప్పుడు సత్యవతి అంది: "ఇరాన్ వద్దండీ. అక్కడేమీ జరక్కపోతే మీరు ఊరుకోరు, ఏదో ఒకటి జరిపిస్తారు. ఆ దేశానికి ఇప్పటికే ఉన్న పేరు చాలదా?"

ఏడింటికి గూడెం చేరాం. దారంతా నాకు రుసరుసే. ఇదీ యాత్ర. పెట్రోలు, పంటు, ఇడ్లీ, టీలు, అన్నీ కలిపినా ఏడొందలు దాటలేదు. వెళ్లదల్చుకున్నవాళ్లు నిశ్చింతగా వెళ్లండి. దారి బాగానే ఉంది, మనుషులు మంచివాళ్లు. వాన పడిన మర్నాడు గట్టు మాత్రం ఎక్కకండి.

ఇక ఒప్పుకోవాల్సింది ఒకటుంది. పైన సత్యవతి వద్దందని రాశానే, అది నేను కల్పించింది. ఆవిడ వద్దనలేదు. పూళ్లలో ఆవిడన్నది ఇది: "వెళ్లి రండి. కానీ వచ్చాక ఉన్నదున్నట్టు చెప్పాలి. ఏమీ జరక్కపోతే, ఏమీ జరగలేదని చెప్పాలి. అలా అయితేనే." నేను జవాబు చెప్పకుండా బండి స్టార్టు చేశాను. పెళ్లాం వద్దందని నలుగురిలో కోప్పడటం ఎంత సుఖం! ఆవిడ సరేనంటేనే వచ్చింది చిక్కంతా.

సోమవారం పొద్దున్న హైదరాబాదు వాళ్లని వారం గడువు అడిగాను. ఉన్నదున్నట్టు చెప్పడం నాకు చేతనవుతుందో లేదో తేల్చుకుందామని ఆ వారంలో ఇది రాశాను. గూడెం నుంచి కొల్లేటికోట దాకా, అక్కణ్నుంచి వెనక్కి పూళ్ల దాకా ఒక్క ముక్క కల్పించకుండా రాసుకుంటూ వచ్చాను. ఇంటికి దగ్గరపడ్డాక జారాను.

సత్యవతికి ఇచ్చాను చదవమని. పూళ్ల దగ్గర, తను అనని మాటల కింద, పెన్సిలుతో ఒక గీత పెట్టి, కాగితాలు నా ముందు పడేసింది.

"ఇంకో వారం గడువు అడగండి" అంది.