కడబంతి

హైవే పక్కన ఆగిపోయిన పికప్పు వెర్నాదేనని శేషగిరికి అల్లంత దూరం నుంచే తెలిసిపోయింది. ఎర్ర బండికి వేరే దాన్నుంచి ఊడదీసి బిగించిన నీలం బానెట్టు. ఉత్తర ఒంటారియో అంతా గాలించినా అలాంటిది ఇంకోటి దొరకదు.

నవంబరు ఉదయం. తడిమంచు పడుతోంది. శేషగిరి సామానంతా డిక్కీలో కుక్కుకుని, ఆ ఊరికి దణ్ణం పెట్టి హామిల్టన్‌కి తిరిగి పోతున్నాడు. పద్నాలుగు నెలలు వెర్నా కంటపడకుండా గడిపినవాడు, ఇంకో గంట గడిస్తే ఆ రోడ్డే దాటిపోయేవాడు. కానీ పికప్పు ముందు సీట్లో దుప్పటి కప్పుకున్న ముసలావిడ కనబడింది. కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయింది.

వెర్నా అద్దంలోంచి వంగి చూసింది. పలకరింపు లేదు.

"ఐరిస్ ఆంటీకి పదిన్నరకి డయాలసిస్. నా బండి చచ్చింది."

"ఎక్కక్కా," అంటూ దిగి, చక్రాల కుర్చీ మడిచి, తన పరుపుచుట్ట బయటికి లాగి డిక్కీలో చోటు చేశాడు. పరుపు రోడ్డు పక్కనే ఉండిపోయింది. బండిని వచ్చిన దారినే తిప్పాడు.

"ఎవరే ఇతను?" అంది ఐరిస్, సీటుబెల్టు పెట్టించుకుంటూ.

"టాక్సీ అతను," అంది వెర్నా వెనక సీట్లోంచి.

అతను టాక్సీ అతనే, అబద్ధమేం లేదు. కానీ ఐదేళ్ళ కిందట ఇద్దరూ కలిసి పెట్టిన కంపెనీ అది. ఆమె వాటా సగానికి కాస్త ఎక్కువ, అతనిది కాస్త తక్కువ. వెర్నా వాళ్ళ ఆదివాసీ ఊరైన రిజర్వ్‌లోని రోగుల్ని యాభై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆసుపత్రికి చేర్చే పని, వాళ్ళ మనిషి చేతిలో సగానికి మించి ఉన్న కంపెనీకే ఇస్తారు. అందుకని పేరు అరువిమ్మంటూ వెర్నా గుమ్మం తొక్కినవాళ్ళు అంతకుముందే ఇద్దరున్నారు. ఇద్దర్నీ తరిమేసింది. ఇరవయ్యారేళ్ళు స్కూలుబస్సు నడిపిన మనిషి. తల్లి పోతే తమ్ముడు క్లిఫర్డ్‌ని పెంచి పెద్దచేసిన మనిషి. ఆమె పేరు ఊరికే తగిలించుకునే బోర్డు కాదు.

శేషగిరి మైసూరుపాకు డబ్బా పట్టుకెళ్ళాడు. ఆమె ఒక ముక్క నోట్లో వేసుకుని, "తీపి సరే, పొగాకేదీ?" అంది.

"నాకు అలవాటు లేదు."

"నువ్వు తాగడానికి కాదయ్యా మొద్దూ! మా దగ్గర ఏదైనా అడగడానికొచ్చినవాడు పొగాకు తేవాలి. నేను చేత్తో అందుకుంటే ఒప్పుకున్నట్టు."

"ఓస్, తాంబూలమేగా!" అన్నాడు శేషగిరి, మళ్ళీ ఊపిరి ఆడినవాడిలా.

మనుషులు మాటకి సాక్షిగా దేన్ని పెట్టుకోలేదు గనక! ఒకచోట ఉప్పు, ఒకచోట నిప్పు, ఇంకోచోట రొట్టెముక్క. శేషగిరి పుట్టిన చీరాలలో తమలపాకైనది ఈ చలిదేశంలో పొగాకైంది, అంతే. అతను దుకాణానికి పరుగెత్తి పొట్లం తెచ్చాడు. ఆమె అందుకుంది. ఆరోజు నుంచి ఆమె అక్క, క్లిఫర్డ్ తమ్ముడు. వారానికి మూడుసార్లు క్లిఫర్డ్‌ని డయాలసిస్‌కి తీసుకెళ్ళేది శేషగిరే. దారంతా హాకీ గురించి వాదించుకునేవాళ్ళు. దింపి వెళుతుంటే గుమ్మంలోంచి వెర్నా ఒకటే మాట అనేది: "టైముకి రా." అదే ఆమె వీడ్కోలు.

తర్వాత ఆ ఊరి కాలేజీకి పిల్లల వరద మొదలైంది. వరంగల్ నుంచి, గుంటూరు నుంచి, విమానాలకి విమానాలు. శేషగిరికి తెలుగు వినబడుతుంటే ఒళ్ళు తెలిసేది కాదు. రెండువేల ఇరవైమూడు సెప్టెంబరులో ఒక శుక్రవారం ఫోనొచ్చింది.

"అంకుల్, నేను వర్షని. ఎయిర్‌పోర్టులో నలభై మందిమి ఉన్నాం. రూములు చూపిస్తానన్నాయన ఫోనెత్తట్లేదు. వానొస్తోంది అంకుల్."

ఉన్నవి ఆరు కార్లు. ఆరూ పంపాడు. ఆరోదాన్ని తనే నడిపాడు. క్లిఫర్డ్‌ని ఎక్కించుకోవాల్సిన టైమని తెలియక కాదు. తెలుసు. వాడు మనవాడే కదా, ఓ గంట సర్దుకుంటాడు అనుకున్నాడు.

తెలుగువాడి ఇంట్లో పెళ్ళి చూడండి. మొదటి బంతిలో ఊరివాళ్ళు, రెండో బంతిలో చుట్టాలు. సొంత తమ్ముడు కడబంతిలో, చల్లారిన పప్పుతో. ఎంత దగ్గరివాడైతే అంత చివర. అదే మర్యాద, అదే ప్రేమ. శేషగిరి క్లిఫర్డ్‌ని ప్రేమగానే కడబంతిలో కూర్చోబెట్టాడు. విస్తరి ఆగుతుంది, మిషను ఆగలేదు. ఆ గంట కాస్తా రెండున్నర గంటలయింది. వెర్నా ఆరోజు స్కూలుబస్సు తీసుకుని పొరుగూరు వెళ్ళింది. ఆసుపత్రిలో, టైము దాటింది, సోమవారం రమ్మన్నారు. క్లిఫర్డ్ ఆదివారం తెల్లవారేసరికి పోయాడు.

వెర్నా ఒక్క తిట్టు తిట్టలేదు. కార్ల తలుపుల మీద అంటించిన కంపెనీ పేరు గోళ్ళతో గీకి తీసేసింది. ఆ వారమే శేషగిరి పొగాకు పొట్లం కొన్నాడు, క్షమించమని అడగడానికి. అది డాష్‌బోర్డు అరలోనే ఎండిపోయింది. మరుసటేడు చదువుకొచ్చేవాళ్ళ పర్మిట్లకి కోతపడి, పిల్లలూ పలచబడ్డారు, కార్లూ అమ్ముడుపోయాయి.

"పొగాకు వాసనేస్తోంది," అంది ఐరిస్ ముక్కు ఎగబీలుస్తూ. "ఎవరికోసం దాచావు?"

శేషగిరి రోడ్డునే చూస్తూ బండి నడిపాడు. మంచు తుడిచే పుల్లలు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి.

ఆసుపత్రి ముందు ఆగేసరికి పదీ ఇరవై. కుర్చీ విప్పి, ఇద్దరూ పట్టి ఐరిస్‌ని కూర్చోబెట్టారు. వెర్నా రెండు చేతులూ కుర్చీ పిడుల మీద వేసింది. ఇప్పుడు కాకపోతే ఇక ఉండదు. అర తెరిచి పొట్లం తీసి, కుడిచెయ్యి చాచాడు.

"అక్కా... వాడు మనవాడే కదా అనుకున్నానక్కా. అందుకే వాడికి ఆలస్యం చేశాను."

వెర్నా మొదటిసారి అతని మొహంలోకి చూసింది.

"మనవాడైతే ముందు రావాలి కదా శేష్."

అతను పొట్లం ఇంకాస్త ముందుకి జరిపాడు.

"ఇది తీసుకుంటే ఏమని అర్థమో నీకు తెలుసు," అందామె నెమ్మదిగా. "మనసులో లేకుండా, అబద్ధానికి పొగాకు పుచ్చుకోలేను."

పిడుల మీంచి చేతులు తీయలేదు. ఐరిస్ గడియారం చూసుకుని, "పద పద, టైమైంది," అంది.

కుర్చీ చక్రాలు తడిమంచులో రెండు గీతలు గీసుకుంటూ ముందుకి కదిలాయి. పొట్లం పట్టుకున్న చెయ్యి అలాగే చాచి నిలబడ్డాడు శేషగిరి. కనీసం ఆ పాతమాటైనా అంటుందేమోనని చూశాడు. అద్దాల తలుపులు విడిపోయాయి. వెర్నా వెనక్కి తిరగకుండా, టైముకి రమ్మనకుండా, కుర్చీ తోసుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.