అవును, నేను చెప్పినట్టే చెయ్

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకొక గట్టి నమ్మకం ఉండేది. ఏ పనినైనా వరుస నంబర్లు వేసి రాసుకుంటే అందులో తప్పుకు చోటుండదని. బస్సెక్కడానికి కూడా నా దగ్గర జాబితా ఉండేది (ఒకటి: ఎండ ఏ వైపు పడుతుందో చూడటం, రెండు: ఆ వైపు కూర్చోకపోవడం). సూర్యాపేటలో ఒక విత్తనాల దుకాణం పైనున్న మా రెండు గదుల ఆఫీసులో నా అసలు పేరు ఎవరికీ గుర్తుండేది కాదు. అందరికీ నేను ‘లిస్టు’నే.

అక్కడ నేను రాసిన మొట్టమొదటి ప్రోగ్రామ్ మిర్యాలగూడలోని ఒక రైస్ మిల్లు కాంటా కోసం. వడ్ల ట్రాక్టర్ కాంటా ఎక్కగానే బరువు చదివి, రైతు పేరుతో చీటీ అచ్చువేయాలి, అంతే. కొత్త పంట వచ్చినప్పుడు మొదటి ట్రాక్టర్‌ను కాంటా మీద నిలబెట్టి, బొట్టుపెట్టి, కొబ్బరికాయ కొట్టిన తర్వాతే ఆ మిల్లులో తూకాలు మొదలవుతాయి. ఈసారి కంప్యూటర్‌కు కూడా బొట్టు పెడతానన్నాడు మిల్లు సేటు. ఆ సంగతి ఇంట్లో చెప్పడం నా మొదటి తప్పు. మా ఊరు మోతెలో నాయిన వారం తిరక్కుండా ఊరంతా చాటేశాడు. “మా పోరని కాంట మీద మొదటి చీటి మా పేరు మీదనే పడ్తది, సూడుండ్రి.” సేటుకు ఫోన్ చేసి మొదటి ట్రాక్టర్ తనదేనని ఖాయం చేసుకున్నాడు కూడా. గురువారం పొద్దున తొమ్మిదింటికి ముహూర్తం.

మంగళవారం ప్రోగ్రామ్‌ను మిల్లుకు తీసుకెళ్లి వేసి చూస్తే అది లేవనే లేదు. కారణం చిన్నదే. కంప్యూటర్‌లో దాదాపు ప్రతి ప్రోగ్రామూ కాళ్లు ఆనించి నిలబడే మూల లైబ్రరీ ఒకటుంటుంది. నా దగ్గర దాని కొత్త వెర్షన్ ఉంది, మిల్లులో బాగా పాతది. కొత్తదాని మీద తయారైన నా ప్రోగ్రామ్ పాతదాని మీద నిలబడనంది. మిల్లు కంప్యూటర్‌ను మార్చడానికి వీల్లేదని సేటు ముందే చెప్పాడు (నడుస్తున్న దేన్నీ కదిలించడం ఆయనకు గిట్టదు). కాబట్టి నా కంప్యూటర్‌నే పాతదాని స్థాయికి దించి, అక్కడ మళ్లీ తయారుచేస్తే సరిపోతుందని నా తర్కం. బుధవారం పొద్దున్నే నోట్‌బుక్‌లో తొమ్మిది అంశాలు రాశాను. ఐదోది: ‘మూల లైబ్రరీని పాత వెర్షన్‌కు దించడం.’ ఆరోది: ‘ఏమైనా అడిగితే ఒప్పుకోవడం.’

అది నిజంగానే అడిగింది. ఇలా చేస్తే చాలా నష్టం జరగవచ్చని హెచ్చరించి, ఇంకా చేయాలనే ఉంటే ఫలానా వాక్యాన్ని అక్షరం పొల్లుపోకుండా టైపు చేయమంది. ఇంగ్లిషులో ఉన్న ఆ వాక్యానికి అర్థం, ‘అవును, నేను చెప్పినట్టే చెయ్!’ ఇంట్లో నేను చిన్నవాణ్ణి, ఆఫీసులో కొత్తవాణ్ణి. నేను చెప్పినట్టే చేస్తానని అప్పటిదాకా నాతో ఎవరూ అనలేదు. ఎంతో మురిపెంగా, చివరి ఆశ్చర్యార్థకంతో సహా టైపు చేశాను.

అది నేను చెప్పినట్టే చేసింది.

మొదట, కోడును ప్రోగ్రామ్‌గా మార్చే కంపైలర్ లేవలేదు. తనకు కావలసిన కొత్త వెర్షన్ దొరకలేదంది. సరే, దాన్ని పిలిచే ఇంకో ప్రోగ్రామ్‌తో ప్రయత్నిస్తే అదీ అదే మాట అంది. ఫోల్డర్‌లో ఏమున్నాయో చూద్దామంటే ఆ చూపించే ప్రోగ్రామ్ కూడా పడిపోయింది. దించిన లైబ్రరీని మళ్లీ ఎక్కిద్దామంటే ఎక్కించేదానికీ ఆ లైబ్రరీయే కావాలట. భయపడాల్సిన సమయంలో నాకు పట్టలేనంత కుతూహలం కలిగింది. కొత్త పేజీ తిప్పి, ‘పడిపోయినవి’ అని శీర్షిక పెట్టి, ఒక్కొక్కదాన్ని పిలుస్తూ నంబర్లు వేసుకుంటూ పోయాను. పదిహేడు దాకా వచ్చాక బతికున్నది ఒకటి దొరికింది: మనం ఇచ్చిన మాటను తిరిగి చూపించే ఆదేశం. ‘ఉన్నావా’ అని కొడితే ‘ఉన్నావా’ అంది. ‘బాగున్నావా’ అంటే ‘బాగున్నావా’ అంది.

పక్క బల్ల దగ్గర కూర్చునే కోదాడ అక్క ఇదంతా గమనిస్తూనే ఉంది. “ఏంటి లిస్టూ, గంట నుంచి దాంతో కబుర్లాడుతున్నావ్?”

“అక్కా, ఇదొక్కటే పనిచేస్తున్నది. మనమేదంటే అదంటది.”

“మా ఆయన కూడా అంతే. పని మాత్రం ఒక్కటీ చెయ్యడు.” నవ్వి, నా స్క్రీన్ వైపు వంగింది. “అది సరే గానీ, రేపటి ప్రోగ్రామ్ ఏది?”

నాకప్పుడు గుర్తొచ్చింది. గురువారం, తొమ్మిది గంటలు, మోతె నుంచి ట్రాక్టర్, దాని మీద నాయిన. కోదాడ అక్క పెన్ డ్రైవ్ తీసి చేతిలో పెట్టింది. “నిన్న సాయంత్రం నీ కోడంతా నా దాంట్లో కాపీ పెట్టావుగా. కోడ్ భద్రంగానే ఉంది. దాన్ని ప్రోగ్రామ్‌గా ఎక్కడ కట్టుకుంటావో మరి నాకు తెలీదు.”

నాకూ తెలియదు. ముహూర్తం వాయిదా వేయమని సేటును బతిమాలదామని మిర్యాలగూడ బస్సెక్కాను (ఎండ వైపే కూర్చున్నాను). సేటు బయటికెళ్లాడు. మిల్లు షెడ్డులో మిస్త్రీ మామ ఒక్కడే బెల్టులకు మైనం రుద్దుతున్నాడు. అందరికీ మామే ఆయన. ముప్పయ్యేళ్లుగా ఆ మిల్లు యంత్రాలు ఆయన చేతిలోనే నడుస్తున్నాయి. నా ముఖం చూసి, “ఏందిరా, గంత పరేషాన్ల ఉన్నవ్?” అన్నాడు. ఆయనకేం అర్థమవుతుందనుకుంటూనే మొత్తం చెప్పాను.

మామ మైనం పక్కన పెట్టాడు. “అంటే ఒక్క పుల్లీ పడతలేదని షాఫ్టునే సన్నం జేసినవా?”

నేను తలెత్తి పైకి చూశాను. షెడ్డు కప్పు కింద ఈ కొస నుంచి ఆ కొసకు ఒకే ఇనుప షాఫ్టు తిరుగుతుంది. దానికి బిగించిన పుల్లీల నుంచి బెల్టులు దిగి, మిల్లులోని యంత్రాలన్నిటినీ నడిపిస్తాయి.

“నేను గూడ జేసిన, కొత్తల,” అన్నాడు మామ. “ఒక్క పుల్లీ కోసమని షాఫ్టు మొత్తం లేతు మిషన్ మీద వెట్టి సన్నం జేపిచ్చిన. గా ఒక్కటి పట్టింది. తక్కినయి పదకొండు లూజైనయ్. మిల్లు చాలు జేస్తే బెల్టులన్ని పాముల లెక్క కింద వడ్డయ్.”

“మరి సేటు ఏమన్నడు మామా?”

“ఏమంటడు? చాయ్ కొట్టుకు దూలం లేదు, ఇది పనికొస్తదన్నడు. గదిగో.” చూస్తే, గేటు పక్క చాయ్ కొట్టు రేకుల కింద నిగనిగలాడే ఇనుప దూలం. ఎన్నోసార్లు దాని కిందే నిలబడి చాయ్ తాగాను.

“మరెట్ల చెయ్యాలె?”

“షాఫ్టును ముట్టద్దు. పుల్లీనే ఈడికి తెచ్చి, ఈ షాఫ్టు కొలతకు దాని నడుమ బోరు కొట్టాలె. గంతే గదా.”

అంతే కదా! నేను కాంటా గదిలోకి పరుగెత్తాను. మిల్లు కంప్యూటర్‌లో దాని వయసుకు తగ్గ పాత కంపైలర్ మొదటి నుంచీ ఉంది. దేన్నీ మార్చకుండా పెన్ డ్రైవ్‌లోని కోడును అక్కడే కట్టాను. నేను వాడిన కొత్త పద్ధతులు రెండు తనకు తెలియవంది. వాటిని పాత పద్ధతిలో తిరగరాశాను. పొద్దుగూకేలోపు ప్రింటర్ గుర్రుమని మొదటి పరీక్ష చీటీ బయటపెట్టింది.

గురువారం కంప్యూటర్‌కు బొట్టు పెట్టారు (సరిగ్గా స్క్రీన్ నడుమ, బరువు కనబడే చోట). కొబ్బరికాయ పగిలింది. ట్రాక్టర్ కాంటా ఎక్కింది, దానితో పాటు నాయినా ఎక్కాడు.

“అన్నా, జర దిగు. వడ్లను తూస్తున్నం, నిన్ను కాదు,” అన్నాడు మిస్త్రీ మామ.

“నా పేరు పడ్డంక దిగుత.”

“నాయినా, నువ్వు దిగితెనే పేరు పడ్తది,” అని కిటికీలోంచి నేను మొత్తుకున్నాను. వినలేదు. చివరికి సేటే వచ్చి చెయ్యి పట్టుకుని దింపాడు. చీటీ వచ్చింది. నాయిన దాన్ని రెండు చేతులతో అందుకుని, చదివి, మడిచి, పర్సులో పెట్టుకున్నాడు. గేటు దాకా వెళ్లి, చాయ్ కొట్టు దగ్గర నిలబడి అందరికీ చాయ్ చెప్పాడు, ఆ దూలం కిందే.

ఆ చీటీ ఇప్పటికీ ఆయన పర్సులో ఉంది. వేడికి అచ్చుపడే కాగితం కావడంతో అక్షరాలు ఎప్పుడో వెలిసిపోయాయి. ఇప్పుడది వట్టి తెల్లకాగితం. కొత్తది తీసిస్తానని నేను ఎన్నిసార్లు అన్నా ఒప్పుకోడు. “గిది మొదటిది. ఇప్పుడు నువ్విచ్చేది మొదటిదెట్లయితది?” అంటాడు. వెర్షన్ల సంగతి ఆయనకు నాకన్నా బాగా తెలుసనిపించి, నేను చెప్పడం మానేశాను.