కోచ్ మాట్లాడలేకపోయిన రోజు

డబ్లిన్ శివారు శాండీఫోర్డ్‌లో మా ఆఫీసు వెనక ఒక బడి ఆటల హాలు ఉంది. నిన్న మధ్యాహ్నం దాని పక్కగా నడుస్తుంటే చెక్క నేల మీద బూట్లు కీచుమన్న చప్పుడు వినిపించి ఆగిపోయాను. ఆ చప్పుడు వింటే నాకు కోచ్ రామిల్ గుర్తొస్తారు.

ఆయనది ఫిలిప్పీన్స్. మనీలాలో పదకొండేళ్లు ఒక కాలేజీ జట్టును నడిపించారు. అక్కడ బాస్కెట్‌బాల్ అంటే మన దగ్గర క్రికెట్ లాంటిదట. కూరగాయలకు వెళ్లినా జనం ఆపి ఫొటోలు దిగేవారట. ఒక ఫైనల్ ఓడిపోయాక ఉద్యోగం పోయింది. పిలిచిన దేశానికల్లా వెళ్లి, చివరికి డబ్లిన్‌లో మా కాలేజీ అమ్మాయిల జట్టుకు వచ్చారు. మా ఆటకు పాతికమంది వస్తే గొప్ప. ఊరి చివర స్వోర్డ్స్‌లో ఒక అద్దె గదిలో ఒక్కరే ఉండేవారు.

అమ్మకు డబ్లిన్‌కు రైల్లో గంట దూరంలోని పోర్ట్‌లీష్ ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం రావడంతో నేను పదిహేడేళ్లప్పుడు గుంటూరు నుంచి ఇక్కడికొచ్చాను. కాలేజీలో నా యాస విని నవ్వుతారేమోనని నోరు విప్పేదాన్ని కాదు. ఒకరోజు వరండాలో నా ఎత్తు చూసి ఆయన ఆపారు.

"బాస్కెట్‌బాల్ ఆడతావా?"

"రాదండీ."

"మంచిది. పాడు అలవాట్లుండవు. సాయంత్రం రా."

ఆట వచ్చింది గాని మాట రాలేదు. ఎదుటివాళ్లు దూసుకొస్తుంటే ఏ వైపు నుంచో వెనకున్నవాళ్లు ముందున్నవాళ్లకు అరిచి చెప్పాలి. నేను చూస్తూ నిలబడేదాన్ని. ఒకసారి ఆయన ఈల వేసి ఆట ఆపి, "లెఫ్ట్‌ని మీ భాషలో ఏమంటారు?" అని అడిగారు. చెప్పాను. "అదే అరిచి చెప్పు. వీళ్లు నేర్చుకుంటారు," అన్నారు. వారం తిరక్కుండా ఐరిష్ పిల్లలంతా "ఎడమ! ఎడమ!" అని అరవసాగారు. ఎదుటి జట్లకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. మా కెప్టెన్ ఈఫాకి ఆ మాట ఎంత నచ్చిందంటే, క్యాంటీన్ వరసలో కూడా అరిచేది.

రెండో ఏడు సెమీఫైనల్. శనివారం ఉదయం బంతుల సంచి కోసం హాలు పక్క గదిలోకి వెళ్తే, ఆయన బెంచీ మీద కూర్చుని ఫోన్ చూస్తున్నారు. తెర మీద పూలు, తెల్లటి శవపేటిక.

"మా అమ్మ," అన్నారు.

ఆయన రెసిడెన్స్ కార్డు రెన్యువలయ్యి ఇంకా చేతికి రాలేదు. వెళ్తే తిరిగి రానిస్తారో లేదో తెలియదు. "జట్టుకు చెప్పకు. ఆట దెబ్బతింటుంది," అన్నారు. పక్కన కూర్చున్నాను. పేటికను మట్టిలోకి దించేదాకా ఇద్దరం చూశాం. తర్వాత ఆయన మొహం కడుక్కుని హాల్లోకి వెళ్లారు.

ఆఖరి నిమిషంలో రెండు పాయింట్లు వెనకబడ్డాం. ఆయన టైమౌట్ అడిగారు. చుట్టూ చేరాం. చేతిలో చిన్న బోర్డు, పెన్ను. పెదాలు కదిలాయి, మాట బయటికి రాలేదు. "కోచ్?" అంది ఈఫా భయంగా. ఆ బోర్డు ఆయన చేతిలోంచి ఎలా తీసుకున్నానో ఇప్పటికీ నాకు తెలియదు. "ఈఫా, నువ్వు మూలకు పరుగెత్తు. నేను అడ్డం నిలబడతాను. బంతి నీకే వస్తుంది, వేసెయ్," అని నా గుంటూరు ఇంగ్లీషులో గట్టిగా చెప్పాను. ఎవరూ నవ్వలేదు. ఈఫా వేసిన బంతి రింగు చుట్టూ తిరిగి బయటపడింది. ఓడిపోయాం.

ఊరి మధ్యలో జట్టు బస్సు దిగాక, "మీతో రానా, కోచ్?" అని అడిగాను.

"ఐయామ్ గ్రాండ్," అన్నారు, బాగానే ఉన్నానని చెప్పే ఇక్కడివాళ్ల లాగే. బంతుల సంచి మోసుకుంటూ స్వోర్డ్స్ బస్సు వైపు వెళ్లారు. నేను రైలెక్కి ఇంటికొచ్చేశాను.

జరిగింది విని అమ్మ చేస్తున్న పని ఆపేసింది. "తల్లి పోయిన మనిషిని ఒక్కణ్ణే వదిలేసి ఎట్టా వచ్చావే?"

మర్నాడు చర్చి అయ్యాక అన్నం, కోడికూర కట్టుకుని ఇద్దరం ఆయన గదికి వెళ్లాం. తలుపు తీసిన ఆయన ఒంటిమీద ఇంకా నిన్నటి జట్టు చొక్కానే ఉంది. "ముందు తినండి, బ్రదర్," అని అమ్మ ప్లేటు వెతికి వడ్డించింది. తిన్నాక వాళ్లమ్మ పేరడిగి, ఆయన చెయ్యి పట్టుకుని తెలుగులోనే ప్రార్థన చేసింది. ఆ మాటల మధ్య తల్లి పేరు వినిపించినప్పుడల్లా ఆయన భుజాలు కదిలాయి.

ఏడాది చివర కాలేజీ ఆయన్ని కొనసాగించలేదు. గల్ఫ్‌లో ఏదో బడికి వెళ్లారు. మొదట్లో మెసేజ్‌లు, తర్వాత క్రిస్మస్ శుభాకాంక్షలు, ఆ తర్వాత అవీ లేవు. నంబరు మారిపోయింది.

ఇప్పుడు నేనూ ఒక్కదాన్నే ఉంటున్నాను. మీటింగుల్లో గట్టిగానే మాట్లాడతాను, అది ఆయన నేర్పిందే. కానీ ఎక్కువగా గుర్తొచ్చేది సంచితో నడిచి వెళ్తున్న ఆయన వీపు. ఎవరైనా గ్రాండ్ అనేస్తే వెంటనే కదలలేను, ఇంకో నిమిషం నిలబడతాను. చాలామంది నిజంగానే బాగుంటారు, నన్ను వింతగా చూస్తారు. అయినా నిలబడతాను.